తప్పు జవాబు నాదే

కుప్పం,
ఆదివారం మధ్యాహ్నం.

పూజ్యురాలైన గంగులక్కకు, బావగారికి తమ్ముడు రమణప్ప దూరం నుంచే వంగి మొక్కి రాసుకునే సంగతులు.

నేనిక్కడ బాగానే ఉన్నాను. నీ మోకాలు ఎలా ఉంది? బావ దగ్గు తగ్గిందా, లేక తగ్గిందని నీకు చెప్పి పెరట్లోకి పోయి దగ్గుతున్నాడా? మల్బరీ ఆకు ఈసారి పురుగులకు సరిపోయిందా? ఎర్రావు ఈనిందా? అన్నీ విడివిడిగా రాయి. ‘అందరం క్షేమం’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తే నేను నమ్మను. అలాంటి ఉత్తరాలు నేనూ నీకు చాలా రాశాను గనక వాటి వెనక ఏముంటుందో నాకు తెలుసు.

నీ ఉత్తరం గురువారం అందింది. కవరు అంచున రెండుసార్లు బంక పూసినట్టుంది. దారిలో ఎవరైనా విప్పి చదివారో, నువ్వే ఏదో మరిచిపోయి మళ్ళీ విప్పి అంటించావో రాయి. అందులో నువ్వు అడిగింది ఒకటే మాట. కాలేజీలో పరీక్ష పేపరు అమ్ముకున్నానట, ల్యాబులోంచి నన్ను తరిమేశారట, నిజమేనా అని. ఈ మాట మన ఊరిదాకా మోసుకొచ్చింది ఎవరో కూడా రాసి ఉంటే బాగుండేది. రాయలేదంటే బావ తరఫు వాళ్ళే అయి ఉంటారని నా అనుమానం.

పేపరు అమ్మలేదక్కా. జవాబులు చెప్పాను. ఊరికే చెప్పాను. చెప్పినవన్నీ తప్పు జవాబులు. ల్యాబులోంచి తీసి గేటు దగ్గర స్టూలు వేసి కూర్చోబెట్టింది మాత్రం నిజం. ఇక్కడికి చదివి ఆపేస్తే నేను దొంగనే అనిపిస్తాను. కాబట్టి చివరిదాకా చదువు.

ముందు నా బాగోగులు. ఇక్కడి చలి మన ఊరి చలిలా కాదు. పొద్దున ఎనిమిదింటికి కూడా నోట్లోంచి పొగ వస్తుంది. బీడీ తాగుతున్నానని ఎవరైనా కరస్పాండెంటుకు చెబుతారేమోనని నోరు మూసుకుని నడుస్తాను. కరస్పాండెంటు అంటే ఈ కాలేజీ ఓనరు. మెస్సులో అన్నం పెట్టే ఆమె తమిళంలో అడుగుతుంది, నేను తెలుగులో చెబుతాను, పక్కన తినేవాడు కన్నడంలో నవ్వుతాడు. సంగటి వారానికి ఒక్కసారే. అది ముద్ద చేస్తే నిలవదు, వేళ్ళ సందుల్లోంచి జారిపోతుంది. ఆదివారం వస్తే కాలేజీ ఖాళీ. ఆట పట్టించడానికి ఒక్క మనిషి కూడా దొరకడు. అదొక్కటే నాకు కష్టం. మిగిలినదంతా బాగానే ఉంది, నువ్వు దిగులు పడొద్దు.

చెంగల్రాయులు సార్ నీకు గుర్తే కదా. పదో తరగతి నేను మూడుసార్లు తప్పినప్పుడు సాయంత్రాలు అరుగు మీద కూర్చోబెట్టుకుని ఊరికే లెక్కలు చెప్పినాయన. మదనపల్లెలో టమోటా గంపలు లారీకి ఎత్తీ ఎత్తీ నా నడుము పట్టేసినప్పుడు, మా ల్యాబులో అటెండర్ కావాలి రా అని కార్డు రాసి పిలిపించింది ఆయనే. ఇక్కడ ఫిజిక్సు చెబుతాడు. ఆయన చెప్పే తీరు వేరు. ఫార్ములా బోర్డు మీద రాసేముందు చేతికందిన వస్తువు ఏదో ఒకటి తీసుకుని పిల్లల్ని గంటసేపు అడుగుతాడు. బకెట్టు తిప్పుతాడు, చెప్పు విసురుతాడు. పిల్లలకు ఇష్టమే. కరస్పాండెంటుకు కాదు. ఆయనకు బిట్లు బట్టీ పట్టించే మనిషి కావాలి. మదనపల్లెలో అలాంటివాడు ఒకడున్నాడని, వాడికి మాట కూడా ఇచ్చేశాడని ఆఫీసు గుమస్తా నా చెవిలో వేశాడు. గుమస్తా మాట నేను సగమే నమ్ముతాను గానీ, ఆ సగం చాలు.

ఇలా ఉండగా వానలు పడే రోజుల్లో పద్మజ మేడం వచ్చింది. మదనపల్లె మనిషి, ముప్ఫై ఏళ్ళు ఉంటాయి. పీహెచ్‌డీ చేస్తోంది. దేని మీద అంటే, పిల్లలకు ఫిజిక్సు నిజంగా అర్థమైందా, ఊరికే లెక్కలు చేసేస్తున్నారా అని కనిపెట్టే పేపరు ఒకటి తయారు చెయ్యడం మీదట. అర్థం కాకుండా లెక్క ఎలా వస్తుంది అని అడగొద్దు. నేనూ అడిగాను. నాకు అర్థమూ కాలేదు, లెక్కా రాలేదు కాబట్టి ఆ తేడా నాకు తెలియదు.

మా ల్యాబులో చక్రం తిప్పితే షాక్ కొట్టే పాత మిషను ఒకటుంది. కొత్తగా వచ్చినవాళ్ళకు అది ఒంట్లో వేడి చూసే మిషను అని చెప్పి, రెండు ఇత్తడి గుండ్లూ పట్టుకోమనడం నా అలవాటు. తహసీల్దారు ఆఫీసు నుంచి వచ్చినాయన కూడా ఎగిరిపడ్డాడు. మేడంకూ చెప్పాను. ఆమె ఒక గుండు పట్టుకుని, రెండో చేత్తో నా మణికట్టు పట్టుకుని, ఆ రెండోది మీరు పట్టుకోండన్నా, ఇద్దరి వేడీ ఒకేసారి చూసుకుందాం అంది. చక్రం దగ్గరున్న పిల్లవాడు నవ్వు ఆపుకోలేక తిప్పేశాడు. నేను ఎగిరి బల్ల మీద పడ్డాను. ఆమెకూ కొట్టింది గానీ నా కంటే ముందే నవ్వేసింది. నా ఆటను అంత తొందరగా కనిపెట్టిన మనిషిని అంతకుముందు చూడలేదు. అప్పటినుంచి ఆమె మీద ఒక కన్నేసి ఉంచాను.

ఆమె పని చిత్రంగా ఉండేది. టేపురికార్డరు బల్ల మీద పెట్టి, పిల్లల్ని ఒక్కొక్కరినే పిలిచి, మాట్లాడించేది. ఒకరోజు నన్నూ కూర్చోమంది.

“అన్నా, మనం ఒక రాయి పైకి ఇసిరినాం. చెయ్యి వదిలేసినాక, పైకి పోతాండే రాయి మీద ఏ బలం పని చేస్తాండాది?”

ఇంత చిన్న ప్రశ్నకు టేపు ఎందుకో అనుకుంటూ చెప్పాను. “చెయ్యిచ్చిన బలం రాయి లోపలికి పోతాది మేడం. అది తీరేదాకా రాయి పైకి పోతాది. పొద్దున తిన్న సద్ది అరిగేదాకా కూలోడు పని చేసినట్ట. తీరినాక నేల లాగేసుకుంటాది.”

ఒడిసెల తిప్పి వదిలితే రాయి ఎలా పోతుందని అడిగింది. తిరిగిన రాయి కదా, ఆ తిరుగుడు కొంచెంసేపు దానిలోనే ఉంటుంది, వంకరగానే పోతుందని చెప్పాను. జొన్నచేలో పిట్టలు తోలిన చెయ్యి నాది, ఆమె చేతిలో ఎప్పుడైనా ఒడిసెల ఉందా? లారీ మోపెడును గుద్దితే ఎవరు ఎవరిని ఎక్కువ గుద్దినట్టు అని అడిగింది. అదీ చెప్పాను. అలా ఆరు. అన్నీ అక్షరం పొల్లు పోకుండా రాసుకుంది. ఒప్పు అనలేదు, తప్పు అనలేదు. జవాబు విని ముఖంలో ఏమీ కనబడనివ్వని టీచరును నేను ఎక్కడా చూడలేదక్కా. ఇందులో ఏదో ఉందని ఆరోజే అనుకున్నాను.

రెండు నెలల తర్వాత మళ్ళీ వచ్చింది. ఈసారి అచ్చు వేసిన పేపర్ల కట్టతో. ముప్ఫై ప్రశ్నలు, ఒక్కోదానికి నాలుగు జవాబులు, ఒక్క లెక్క లేదు. ఆమె పెట్టిన షరతులు విను. పేపరు మీద పిల్లలు పేరు రాయకూడదు, నంబరే వెయ్యాలి. ఎవరికి ఎన్ని వచ్చాయో ఎవరికీ చెప్పదు. పాసూ లేదు, ఫెయిలూ లేదు. ప్రశ్నపత్రాలు లెక్కపెట్టి ఒక్కటి తగ్గకుండా తిరిగి ఇచ్చెయ్యాలి. ఇదే పేపరు మదనపల్లెలోనూ పుంగనూరులోనూ ఇంకో రెండు కాలేజీల్లో పెడుతుంది. పదిహేను రోజులాగి ఇక్కడ అదే పిల్లలకు అదే పేపరు మళ్ళీ పెడుతుంది. నువ్వు చెప్పు, ఇది పరీక్షలా ఉందా, దర్యాప్తులా ఉందా?

అదే రోజు కరస్పాండెంటు ల్యాబుకు వచ్చి సార్ భుజం మీద చెయ్యి వేసి నవ్వాడు. ఆయన నవ్వితే నాకు జలుబు చేస్తుంది. చూద్దాం సార్, మీ పిల్లోళ్ళు ఏపాటి వాళ్ళో ఈ మేడం తేలుస్తుంది కదా అన్నాడు. గుమస్తా చెప్పిన సగం మాటకు మిగతా సగం దొరికినట్టయింది. పేపరు మేడంది, కత్తి కరస్పాండెంటుది, మెడ మా సార్‌ది. ఇదీ నా లెక్క.

సార్‌కు చెప్పాను. ఆయన నవ్వేశాడు.

“పరీక్ష నాకు కాదు, పిల్లోళ్ళకూ కాదు రమణా. ఆ పేపరుకే పరీక్ష. చెనిక్కాయలు తూచేముందు కాటా సరిగా ఉండాదా లేదా అని ఎట్ల సూస్తారు? తూకం తెలిసిన రాయి పెట్టి సూస్తారు. అదే మూట రెండుసార్లు పెట్టి సూస్తారు. ఆయమ్మ చేసేదీ అంతే.”

“కాటా సూసేవాడి కాలు యాడుండాదో ముందు సూడాల సార్,” అన్నాను.

పేపరుకు పరీక్ష పెట్టడం ఎక్కడైనా విన్నావా అక్కా? ఆయన అమాయకుడని నాకు జాలేసింది. కట్ట బీరువాలో పెట్టి తాళం వేశారు. తాళంచెవి సార్ దగ్గర ఉండాలని మేడం మాట. కానీ ల్యాబు సామాన్లు కూడా ఆ బీరువాలోనే ఉంటాయి కాబట్టి రోజూలాగే సార్ దాన్ని నా చేతిలో పెట్టాడు.

మర్నాడు అన్నాల గంటకు ల్యాబులో ఎవరూ లేనప్పుడు కట్ట విప్పాను. ఎనిమిదో ప్రశ్న దగ్గర ఆగిపోయాను. రాయి. కింద మూడో జవాబు: ‘చేయి ఇచ్చిన బలం రాయి లోపల ఉంటుంది. అది తీరేదాకా రాయి పైకి పోతుంది.’ నా మాట. అచ్చులో. సద్ది సంగతి మాత్రం తీసేశారు. ముందుకు తిప్పితే ఒడిసెల. లారీ. ఆరు చోట్ల ఆరు జవాబులు నావే, నా నోట్లోంచి వచ్చినవే, మదనపల్లె దాకా పోయి అచ్చయి వచ్చాయి.

మన ఊళ్ళో పంచాయితీ ఎలా జరుగుతుందో నీకు తెలుసు. పొద్దుగూకేదాకా అందరూ అరుస్తారు. కానీ పెద్దమనుషులు ఒప్పుకున్న మాటే కాగితం మీదికి ఎక్కుతుంది. ఒప్పుకోని మాట గాలికి పోతుంది. తప్పు మాటను శ్రద్ధగా రాసుకుని, అచ్చు వేయించి, మూడు ఊళ్ళకు మోసుకుపోయే మనిషి ఉంటుందని నేనెందుకు అనుకుంటాను? నా మాట కాగితం ఎక్కిందంటే ఆమె ఒప్పుకున్నట్టే. అంటే ముప్ఫైలో ఆరింటికి జవాబులు నా దగ్గర ఉన్నట్టే. వాటితో సార్‌ను కాపాడొచ్చు.

హాస్టలు పిల్లల్లో మొదటి ర్యాంకు, రెండో ర్యాంకు వచ్చే ఇద్దరిని పిలిచి ఆరు నంబర్లూ, ఆరు జవాబులూ చెప్పాను. మొదటి ర్యాంకు వాడు నసిగాడు.

“సార్ అట్ల చెప్పలేదే అన్నా. పైకి పోయేటప్పుడు కూడా ఒక్క నేలే లాగుతాదని చెప్పినాడే.”

“పేపరు సూసింది నువ్వా, నేనా?” అన్నాను.

ఆ ఒక్క మాటతో వాడి నోరు మూయించాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ మాటకే నాకు సిగ్గు. వాళ్ళిద్దరూ హాస్టలు మొత్తానికి చెప్పారు. రామకుప్పం వైపు నుంచి బస్సులో వచ్చే పిల్లలకు మాత్రం అందలేదు. ఆ వారం రాగిచేలల్లో ఏనుగులు పడ్డాయని వాళ్ళు రెండు రోజులు రాలేదు. పరీక్ష రోజు గంట కొట్టేటప్పటికి నేరుగా వచ్చి బెంచీల్లో కూర్చున్నారు.

పరీక్ష అయింది. పదిహేను రోజులకు మళ్ళీ అయింది. పిల్లలు రెండోసారీ అవే జవాబులు పెట్టారు. మేడం కట్టలు తీసుకుని పోయింది. నెల తిరగకముందే ఒక సాయంత్రం కంప్యూటరులోంచి తీసిన అంకెల కాగితాలు పట్టుకుని వచ్చి సార్‌తో స్టాఫ్ రూములో కూర్చుంది. తలుపు గడియ పెట్టలేదు, చేరవేశారు. నేను బయట బల్ల తుడుస్తూ నిలబడ్డాను. అంతకుముందు ఆ బల్లను అంత శుభ్రంగా తుడిచింది లేదు.

“సార్, మదనపల్లెలో, పుంగనూర్లో పేపరంతా బాగా రాసినోళ్ళు ఈ ఆరు ప్రశ్నలూ బాగా రాసినారు. రానోళ్ళు తప్పినారు. అట్లే ఉండాల. ఈడ తిరగబడి ఉండాది. మిగతా ఇరవై నాలుగూ బాగా రాసిన పిల్లోళ్ళే ఈ ఆరూ తప్పినారు. అందరిదీ ఒకే తప్పు. బస్సు పిల్లోళ్ళు మాత్రం ఎవురికి తెలిసినట్టు వాళ్ళు రాసినారు.” కాగితం తిప్పిన చప్పుడయింది. “ప్రశ్న చెడ్డదైతే మూడు ఊర్లలోనూ చెడ్డదే అవతాది. ఇది ఎవరో చెప్పింది సార్. బీరువా తాళం మీ దగ్గరే కదా ఉండేది?”

తప్పు అన్న మాట నా చెవిలో పడింది గానీ బుర్రకు ఎక్కలేదు. తాళం అన్న మాట మాత్రం ఎక్కింది. ఇప్పుడు సార్ నా పేరు చెబుతాడు అనుకున్నాను. చెప్పాల్సిందే కదా.

“నా దగ్గరే ఉండె,” అన్నాడు సార్.

అంతే అన్నాడు.

అటువైపు తలుపులోంచి కరస్పాండెంటు వచ్చాడు. ఆయనా నాలాగే వింటూ ఉన్నాడన్నమాట. ఈ కాలేజీలో వినని గోడ లేదు. మార్కులు ఇమ్మని మేడంను ముందే అడిగాడట, ఆమె ఇవ్వనందట. ఇప్పుడు మార్కులతో పనే లేదు, అంతకంటే మంచి సాకు దొరికింది. పేపరు లీకు చేసిన లెక్చరర్‌ను పెట్టుకుంటే ఊళ్ళో నా కాలేజీ పేరేమి కావాలి సార్ అన్నాడు, చాలా మర్యాదగా. రేపటికి కాగితం రాసి ఇచ్చెయ్యండి అన్నాడు.

నేను చేతిలో గుడ్డతోనే లోపలికి పోయాను. తాళం నా దగ్గర ఉండిందనీ, కట్ట విప్పిందీ, పిల్లలకు చెప్పిందీ నేనేననీ ఒక్క గుక్కలో చెప్పేశాను. సార్ నా వైపు చూడలేదు. కరస్పాండెంటు చూశాడు.

“ఏమిరా రమణప్పా, ఎవుడన్నా తప్పు జవాబులు లీకు చేస్తాడా? సార్ ఉప్పు తిన్నావని ఈడకొచ్చి నాటకమాడతాండావా?”

“తప్పెట్లయితాది సార్? మేడం ఒప్పుకున్నవే కదా అవి. నా మాటలే కదా అచ్చు ఏసింది,” అన్నాను.

మేడం అప్పుడు నన్ను చూసిన చూపు ఇంకా నా కళ్ళ ముందే ఉంది. కోపం కాదు. షాక్ మిషను దగ్గర నన్ను కనిపెట్టినప్పటి చూపూ కాదు. పేపరు బోర్లించి పెట్టి, కుర్చీ లాగి, కూర్చోండన్నా అంది. ఆ ఆరూ మళ్ళీ నోటితో అడిగింది, వేరే వరసలో. నేను చెప్పాను. కరస్పాండెంటు పేపరు చూసుకుంటూ నిలబడ్డాడు. పిల్లలు పెట్టిన జవాబులూ నావీ ఒకటేనని తేలింది. అయినా ఆయన ఒప్పుకోలేదు. వీడికి సారే నేర్పి పంపించి ఉండొచ్చు కదా అన్నాడు. అనుమానంలో ఆయన నాకు అన్న.

మేడం కొంచెం ఆలోచించింది. “పేపరులో లేనిది ఒకటి అడుగుతాను. టమోటా లారీ జోరుగా పోతాండాది. గంపల మీద కూర్చున్నోడు ఒక టమోటాను ఊరికే చేతిలోంచి జారిడిచినాడు. తొయ్యలేదు. గాలి సంగతి వదిలెయ్యండి. లారీ మీద యాడ పడతాది?”

ఇది నా సొంత విద్య. ఎన్ని లారీలకు గంపలెత్తాను. “ఎనక్కి పడతాది మేడం. చెయ్యి దానికి బలం ఇయ్యలేదు కదా. బలం లేనిది లారీతో ఎట్ల పోతాది? అది ఆడనే దిగిపోతాది, లారీ ముందుకు పోతాది.”

“కచ్చితంగా?”

“పందెం కడతాను,” అన్నాను.

ఆమె కరస్పాండెంటు వైపు తిరిగింది. “టమోటా సరిగ్గా ఆ చెయ్యి కిందే పడతాది సార్. ఈ అన్న చెప్పింది ఎవురూ నేర్పింది కాదు. ముందు ఆరు జవాబులూ ఏ నమ్మకంలోంచి వచ్చినాయో ఇదీ దాన్లోంచే వచ్చింది. నేర్చుకుని చెప్పేవాడు కొత్త ప్రశ్న దగ్గర తడబడతాడు. ఈ అన్న తడబడలా. ఫిజిక్సు చెప్పే మనిషి ఎవురూ తన పిల్లోళ్ళకు ఈ ఆరూ చెప్పరు. సార్ చెప్పి ఉంటే ఒప్పే చెప్పి ఉంటాడు.”

అప్పుడు అర్థమైందక్కా. ఆమె అడుగుతున్నంతసేపూ నేను గెలుస్తున్నాననుకుని గొంతు పెంచి చెప్పాను. నేను ఓడిపోవడమే సార్‌కు సాక్ష్యం అయింది. నలుగురిని ఎగిరిపడేలా చేసి నవ్వుకునే నేను, ఆరోజు కుర్చీలో కూర్చుని నాకేమీ తెలియదని పందెం కట్టి మరీ రుజువు చేసుకున్నాను. కాటా మీద కాలు పెట్టింది ఎవరో తేలిపోయింది.

సార్ ఉద్యోగం నిలిచింది. నన్ను తీసెయ్యాలంటే ల్యాబు బీరువా తాళం అటెండర్‌కు ఇవ్వడం అలవాటని అందరూ ఒప్పుకోవాలి, అది కరస్పాండెంటుకూ చిక్కే. కాబట్టి గేటు దగ్గర వేశారు. మేడం ఇక్కడి కట్ట మొత్తం పక్కన పెట్టేసింది. ఆమెకు మూడు నెలల పని నా వల్ల మట్టిలో కలిసింది. శాంతిపురం వైపు ఇంకో కాలేజీ వెతుక్కుంటానంది. పోయేముందు గేటు దగ్గర ఆగింది. తిడుతుందని లేచి నిలబడ్డాను. తిట్టలేదు. నా మాటలు ఇక పేపరులోంచి తీసేస్తారు కదా మేడం అని నేనే అడిగాను.

“తీసేస్తే నా పేపరు పనికిరాదన్నా. ఎవురూ పెట్టని తప్పు జవాబు ఉండీ దండగ. మీ మాట మదనపల్లెలో, పుంగనూర్లో చానామంది పెట్టినారు. డిగ్రీ చదివినోళ్ళూ పెట్టినారు. అది అందరి లోపలా ఉండే మాట. మీరు దాన్ని దాచుకోకుండా చెప్పినారు, అంతే.”

ఇది పొగడ్తో ఎత్తిపొడుపో నాకు ఇప్పటికీ తేలలేదు. గేటు దగ్గర ఖాళీగా ఉన్నప్పుడు రాయి పైకి విసిరి చూస్తున్నాను. చెయ్యి వదిలాక దాని లోపల ఏమీ లేదంటే నా మనసు ఒప్పుకోవడం లేదు.

అసలు దెబ్బ తర్వాత తగిలింది. సార్ తొమ్మిది రోజులు నాతో మాట్లాడలేదు. పదో రోజు సాయంత్రం గేటు దాటబోతూ ఆగాడు.

“అందరి మీదా అనుమానపడినావు. సరే, అది నీ గుణం. నా పిల్లోళ్ళకు రాదని యాల అనుకున్నావు రమణా?”

జవాబు కోసం ఆయన నిలబడలేదు, గొడుగు ఊపుకుంటూ వెళ్ళిపోయాడు. కరస్పాండెంటును అనుమానించాను, మేడంను అనుమానించాను, చేసిందంతా సార్ కోసమే అనుకున్నాను. ఆయన చెప్పిన చదువును మాత్రం నేను ఒక్క పూట కూడా నమ్మలేదని ఆయన అంటే గానీ నాకు తెలియలేదు. మొదటి ర్యాంకు వాడు నోరు తెరిచి ఒప్పు జవాబు చెబితే నోరు మూయించింది నేనే కదా.

తర్వాత సార్ మేడంకు ఉత్తరం రాసి, ఆ పాత ప్రశ్నలకు బదులు వేరే ప్రశ్నలున్న పేపరు ఒకటి అడిగి తెప్పించుకున్నాడు. మా పిల్లల చేత మళ్ళీ రాయిస్తాను, మీ లెక్కల్లో కలిపినా కలపకపోయినా సరే అన్నాడట. పోయిన గురువారం పిల్లలు రాశారు. నేను గేటు దగ్గరే ఉన్నాను, అటు తల కూడా తిప్పలేదు. మర్నాడు పొద్దున సార్ వచ్చి ఒక కట్ట నా ఒళ్ళో పెట్టాడు. పురికొస ఒక్క చుట్టు, సీలు లేదు, లక్క లేదు. మదనపల్లెకు పోయి మేడం చేతికి ఇచ్చి రా అన్నాడు. అటెండర్లు ఇంకా ఇద్దరున్నారు, ఆఫీసు గుమస్తా ఉన్నాడు. నేను ఆయన ముఖంలోకి చూశాను. ఏమీ కనబడనివ్వలేదు, అచ్చం మేడంలాగే.

అక్కా, శుక్రవారం పలమనేరు మీదుగా వెళ్ళిన ఆ బస్సు పుంగనూరులో పది నిమిషాలు ఆగింది. కిటికీలోంచి నన్ను ఎవరో చూసే ఉంటారు, చూసినవాళ్ళు నీ దాకా మోసే ఉంటారు, ఇంటి దాపుకొచ్చి దిగకుండా పోయాడని నువ్వు బాధపడే ఉంటావు. నువ్వు ఊళ్ళోనే ఉంటావనీ, ఒక ఆటో ఎక్కితే అరగంటలో నీ ఇంట్లో సంగటి తినొచ్చనీ నాకు తెలియక కాదు. టీకి కూడా దిగలేదు. కట్ట ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులూ దాని మీద పెట్టుకుని కూర్చున్నాను. ముడి నా బొటనవేలి కిందే ఉంది. పిల్లలు ఎలా రాశారో చూడటానికి ఒక్క లాగు చాలు. మదనపల్లె దాకా ఆ ముడి అలాగే ఉంది. మేడం లెక్కపెట్టుకుంది, సరిపోయాయంది. ఎలా రాశారని నేను అడగలేదు. వాళ్ళు బాగానే రాసి ఉంటారు.

చలికి ఒక దుప్పటి, రెండు సేర్ల ఉలవలు ఎవరైనా ఇటు వచ్చేవాళ్ళుంటే పంపించు. బావగారికి, ఊళ్ళో పెద్దలందరికీ నా నమస్కారాలు. నీ చెయ్యి నా తల మీద ఎప్పటిలాగే ఉండాలి.

నీ చిన్న తమ్ముడు,
రమణప్ప